లక్ష రూపాయల పందెం, ఎవ్వలు గెల్వలే

సైన్స్ అన్న మాట ఇప్పుడు సైన్స్ చదివినోళ్ల కంటె సరుకు అమ్ముకునేటోళ్ల నోట్లెనే ఎక్కువ వినవడుతాంది. చేతికి రాగి కడెం ఏస్కుంటె ఒంట్లె అయస్కాంత శక్తి సమం అయితదంట. ఇంట్ల ఓ మూలకు పిరమిడ్ పెడితె కాస్మిక్ ఎనర్జీ దిగుతదంట. జాతకం కంప్యూటర్ల తీస్తె అది ఇగ లెక్కల శాస్త్రమే అంట. ఎనుకట మంత్రగాడు అమ్మోరి పేరు చెప్పి పైసలు గుంజెటోడు. ఇప్పటోడు ఐన్‌స్టీన్ పేరు చెప్పి గుంజుతుండు. సీసాల ఉన్నది అదే, మీద అతికిచ్చిన చీటీ మారింది.

మీటింగులకు పోతె పోరగాండ్లు నన్ను అడిగేది ఇదే. అన్నా, ఏది అసలు సైన్స్, ఏది దొంగ సైన్స్, మాకెట్ల ఎరుకైతది అని. నేను పదో తరగతి దాంకనే బడికి పోయినోన్ని. మిగిలిన చదువంత ఊరి లైబ్రరీలల్ల, పాత పుస్తకాల బండ్ల కాడ నేర్సుకున్నదే. క్వాంటం సిద్ధాంతం అర్థం చెప్పుమంటె నా తోని కాదు. గాని సైన్స్ కాని దాన్ని పట్టుకోవాలంటె క్వాంటం అంత తెల్వాల్సిన పని లేదు. ఈ సంగతి నేను తెలుసుకున్నది 1978ల చనిపోయిన ఓ మలయాళీ బడిపంతులు జీవితం సూసి. ఆయన పేరు అబ్రహాం కోవూర్. మన నెల్లూరు జిల్లా కోవూరుకు ఆయనకు సంబంధం లేదు, అది వాళ్ల ఇంటిపేరు.

1898 ఏప్రిల్ 10న కేరళల తిరువల్లల పుట్టిండు. కలిగినోళ్ల ఇల్లు. తండ్రి మార్ థోమా క్రైస్తవ సభల పెద్ద గురువు, వికార్ జనరల్ హోదా. అంటె కొడుకు పుట్టుకతోనే దేవుని ఇంట్ల పడ్డడు. కలకత్తల బంగబాసి కాలేజీల వృక్షశాస్త్రం చదివిండు. తమ్ముడు బెహనాన్ కూడ ఎంబడే ఉన్నడు. ఆ తమ్ముడు తర్వాత అమెరికా పోయి యేల్ యూనివర్సిటీల మనస్తత్వశాస్త్రం చదివిండు, యోగాను సైన్స్ తీరుగ పరిశీలించి పుస్తకం రాసిండు. ఒక్క గురువు ఇంట్లకెల్లి ఇద్దరు ఇట్లాంటోళ్లు ఎట్ల తేలిన్రో!

కలకత్తల ఉన్నప్పటి ముచ్చట ఒకటి ఆయన జీవితంల నాకు అన్నిటికన్న ఇష్టం. సెలవులకు ఇంటికి వస్తుంటె ఊర్లె ఇరుగుపొరుగు హిందూ పెద్దలు గంగ నీళ్లు తెమ్మని అడిగిన్రు. గంగల శవాలు కొట్టుకపోవుడు ఈ అన్నదమ్ములు కండ్లార సూసిన్రు. ఆ నీళ్లు తెచ్చి మంది నోట్లె పొయ్యబుద్ధి కాలే. అట్లని పెద్దమనుషుల మాట కాదని ఉత్త చేతులతోని కూడ పోలేరు. దారిల రైల్వే స్టేషన్ నల్లా కాడ సీసాలు నింపుకొని పోయి, ఇగో గంగ అని ఇచ్చిన్రు. కొన్ని దినాలకు ఆ నీళ్ల మహిమ ఊరంత మోగింది. రోగాలు తగ్గినయన్నరు, బాధలు పోయినయన్నరు.

ఇది నవ్వుకోని వదిలేసే కత కాదు. జర నిలబడి ఆలోచించున్రి. ఆ మనుషులు అబద్ధం చెప్పలే. నిజంగనే వాళ్లకు నయమైంది. జరం చానా మట్టుకు దానంతట అదే దిగుతది. నడుం నొప్పి ఓ వారం ఎక్కువుంటది, ఓ వారం తక్కువుంటది. ఎక్కువున్నప్పుడే మనం మందుకు ఉరుకుతం కాబట్టి, ఏది తాగినా తర్వాత తగ్గినట్టే కనవడుతది. పైంగ తగ్గుతదన్న నమ్మకం కూడ కొంత నొప్పిని మరిపిస్తది. నయమైనోళ్లు పది మందికి చెప్తరు. కానోళ్లు ఇంట్ల పండుకోని ఉంటరు, వాళ్ల మాట ఎవ్వలు వినరు. అందుకే నాకు తగ్గింది అన్న మాట ఎంత నిజాయితీగ చెప్పినా సరే, అది సాక్ష్యం కాదు. తెల్వకుంటనే కోవూర్ అన్నదమ్ములు అక్కడ సగం పరీక్ష చేసిన్రు. గంగ నీళ్లు అని చెప్పి నల్లా నీళ్లు ఇచ్చిన్రు, పని చేసినట్టే అనిపిచ్చింది. ఇప్పుడు కొత్త మందు వస్తె డాక్టర్లు చేసేది కూడ ఇసొంటిదే. సగం మందికి మందు, సగం మందికి మందులేని ఉత్త గోలి. ఎవ్వలకు ఏది ముట్టిందో ఇచ్చేటోనికి, తీసుకునేటోనికి ఇద్దరికీ తెల్వద్దు. ఆఖరుకు రెండు గుంపుల లెక్క పక్కపక్కన పెట్టి సూస్తరు. రాగి కడెం అమ్మేటోడు ఈ రెండో గుంపు మాట ఎన్నడన్న ఎత్తిండా?

చదువు అయినంక కోవూర్ సిలోన్‌కు, అంటె ఇప్పటి శ్రీలంకకు పోయిండు. జాఫ్నా సెంట్రల్ కాలేజీల వృక్షశాస్త్రం చెప్పిండు. అది క్రైస్తవ మిషనరీ బడి. గురువు కొడుకు గదా అని ఓ ఏడు బైబిల్ పాఠం కూడ ఆయనకే అప్పజెప్పిన్రు. పరీక్షలల్ల పోరగాండ్లకు మార్కులు మంచిగనే వచ్చినయి. గాని మరుసటి ఏడు ఆ పాఠం ఆయన చేతికి ఇయ్యలే. పిల్లలు పాసైన్రు, నమ్మకం మాత్రం పోగొట్టుకున్నరని బడి పెద్ద బాధపడ్డడంట. తర్వాత ఇంకొన్ని బడులల్ల పని చేసి, 1959ల కొలంబోల థర్‌స్టన్ కాలేజీ నుంచి రిటైర్ అయ్యిండు. అరవై ఏండ్లు దాటినయి. మనోళ్లయితె ఆ వయసుల తీర్థయాత్రలకు బయలెల్లుతరు. ఈయన దయ్యాల ఇండ్లు ఎతుక్కుంట బయలెల్లిండు. సిలోన్ హేతువాద సంఘానికి అధ్యక్షుడై సచ్చేదాంక ఉన్నడు.

1963ల ఆ పందెం ప్రకటించిండు. ఏ మనిషైనా సరే, మోసానికి జాగ లేని షరతుల మీద ఒక్క మహిమ చేసి సూపిస్తె లక్ష సిలోన్ రూపాయలు ఇస్త అన్నడు. ఉత్త మాటకు వదిలేయలే. ఏమేం చేస్తె గెలుస్తరో వరుసగ రాసి పెట్టిండు. మూసిన లిఫాఫల ఉన్న నోటు నంబర్ చదవాలె. అడిగిన వస్తువును గాలిలకెల్లి తియ్యాలె. నీళ్ల మీద నడవాలె. నీళ్లను పెట్రోల్ చెయ్యాలె. తాళం ఏసిన అర్రలకెల్లి దైవశక్తితోని బయటికి రావాలె. తెగిపోయిన కాలో చెయ్యో ప్రార్థన చేసి ఒక్క అంగుళం పెంచాలె. పందానికి దిగేటోడు ముందుగాల వెయ్యి రూపాయలు కట్టాలె, ఓడితె అవి పోతయి. ఉత్త పేరు కోసం వచ్చేటోళ్లు ఆగుతరని ఆ షరతు.

ఈ లిస్టును నేను ఎన్నిసార్లు చదివిన్నో లెక్క లేదు. ఎందుకంటె ఇండ్ల సైన్స్ ఎక్కడ దాగి ఉన్నదో షరతులల్ల కనవడుతది. నిప్పుల సంగతే తీస్కోన్రి. కోవూర్ నిప్పుల మీద నడువుమనలే. అర నిమిషం కదలకుంట నిలవడుమన్నడు. మనకాడ పీర్ల పండుగకు, వీరభద్రస్వామి జాతరలల్ల అగ్గిగుండం తొక్కుతరు. నేను వాళ్ల భక్తిని తక్కువ చేస్తలే, ఆ ధైర్యం ఉత్తగ రాదు. గాని కాలు కాలకపోయేది మహిమ తోని కాదు, బొగ్గు గుణం తోని. తందూర్ బట్టీల చెయ్యి పెట్టి రొట్టె తీసేటోన్ని సూడున్రి. బట్టీల గాలి మస్తు వేడి ఉంటది, అయినా జెరసేపు చెయ్యి కాలదు. అంతే వేడి మీద ఉన్న ఇనుప సీకు అంటితె మాత్రం టక్కున బొబ్బ లేస్తది. బొగ్గు, బూడిద ఇనుము లెక్క కాదు, వేడిని ఒంట్లెకు తొందరగ ఎక్కియ్యయి. అడుగు ఏసి తీసేదాంక సెకండు గూడ పట్టదు. అందుకే భక్తి ఉన్నోడు నడుస్తడు, లేనోడు కూడ నడుస్తడు. నిలవడితె ఇద్దరికీ కాలుతది. కోవూర్ ఆ తేడా తెలుసుకోని షరతు రాసిండు. ఆయన మహిమ లేదని వాదించుకుంట కూసోలే, మహిమ ఉంటేనే జరిగే పని, లేకున్నా జరిగే పని రెండిటిని ఏరు చేసి పెట్టిండు.

జ్యోతిష్యం షరతు ఇంక ముద్దుగుంటది. పది జాతకాలు ఇస్తరు. పుట్టిన టైము నిమిషంతో సహా, పుట్టిన జాగ అక్షాంశం, రేఖాంశంతో సహా. జ్యోతిష్యుడు చెప్పాల్సింది రెండే ముచ్చట్లు. ఇది ఆడమనిషిదా మగమనిషిదా, బతికున్నరా సచ్చిపోయిన్రా. నూటికి అయిదు తప్పులు మాఫీ. హస్తసాముద్రికం చెప్పేటోళ్లకు జాతకాల బదులు పది చేతి ముద్రలు.

దీని లెక్క నేను కూసోని తీసిన. పది జాతకాలకు రెండేసి జవాబులంటె మొత్తం 20 జవాబులు. నూటికి అయిదంటె 20ల ఒక్క తప్పు మాఫీ. జ్యోతిష్యుడు ఏం తెల్వకుంట గుడ్డిగ చెప్తె అది రూపాయి బిళ్ల 20 సార్లు ఎగరేసినట్టే. బిళ్ల 20 సార్లు పడే తీర్లు 10,48,576. అండ్ల అన్నీ కరెక్ట్ అయ్యేది ఒక్క తీరు, ఒక్కటి తప్పయ్యేవి 20 తీర్లు, కలిపితె 21. అంటె గుడ్డిగ గెలిచే అవకాశం దగ్గరదగ్గర 50 వేలల్ల ఒకటి. అదృష్టం కొద్ది గెలుసుడు కష్టం. మరి విద్య తెలిసినోనికి? పిల్ల పెండ్లి ఏ నెలల అయితది, పిలగానికి సర్కారు కొలువు వస్తదా, భర్తకు ఆయుష్షు ఎంత అన్నయి చెప్పగలిగినోనికి, మనిషి ఆడో మగో చెప్పుడు ఎంత పని? కోవూర్ కష్టమైన పరీక్ష పెట్టిండని కొందరు అంటరు. నాకైతె ఇంతకన్న అలకటి పరీక్ష కనవడలే.

అలకటిదే అయినా ఎవ్వలు గెల్వలే.

ఇగ పుట్టపర్తి ముచ్చట. మన తెలుగు నేల ఇండ్లకు వచ్చేది ఇక్కడనే. సూరి భగవంతం గారి పేరు పాతతరం ఉస్మానియా చదువరులకు ఎరుకే. కృష్ణా జిల్లాల పుట్టిండు, సి.వి. రామన్ శిష్యుడు, కాంతి పరిక్షేపణం మీద గట్టి పని చేసినోడు. 1952 నుంచి 1957 దాంక ఉస్మానియా వైస్ చాన్సలర్. తర్వాత బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్, ఆ తర్వాత రక్షణ మంత్రికి సైన్స్ సలహాదారు. అంతటి మనిషి సత్యసాయిబాబా భక్తుడు, బాబా ఉపన్యాసాలు ఇంగ్లీషుల చెప్పేటోడు. బాబా మహిమల మీద ఆయన చెప్పిన ముచ్చట్లల్ల ఓ చేతిగడియారం కత ఉన్నదని కోవూర్ రాసిండు. జపాన్ల సీకో గడియారాల కంపెనీ పెద్ద, కొత్త తీరు గడియారం ఒకటి తన ఇనుప పెట్టెల దాచి బాబా దర్శనానికి వచ్చిండంట, బాబా ఆ గడియారాన్నే గాలిలకెల్లి తీసి ఆయన చేతుల పెట్టిండంట.

మన అసొంటోళ్లం ఏం చేస్తం? ఒకలు నమ్ముతరు, ఒకలు నవ్వుతరు. కోవూర్ ఈ రెండు పనులూ చెయ్యలే. జపాన్ల ఆ కంపెనీకి ఉత్తరం రాసిండు. మీ పెద్దమనిషి ఇట్ల బాబాను కలిసిండా అని అడిగిండు. తనకు బాబా ఎవ్వలో తెల్వదని, ఎన్నడు కలవలేదని అక్కడికెల్లి జవాబు వచ్చింది. ఒక్క పోస్టు బిళ్ల ఖర్చు. వైస్ చాన్సలర్‌కు ఆ పోస్టు బిళ్ల ఎందుకు యాదికి రాలేదన్నదే నా ప్రశ్న.

భగవంతం గారి భౌతికశాస్త్రం అబద్ధమని నేను అనను. లాబ్‌ల ఆయన చేసిన పని ఇంకోడు ఇంకో లాబ్‌ల చేసి సరిసూసుకోవచ్చు, అందుకే అది నిలవడింది. గడియారం కతకు వచ్చేసరికి ఆ సరిసూసుకునే పని పక్కకు జరిగింది, మనిషి పెద్దరికం ఒక్కటే మిగిలింది. పేపర్లల్ల ఫలానా శాస్త్రవేత్త కూడ ఒప్పుకున్నడు అని అచ్చయితె మన చదువుకున్నోళ్లు చేతులు కట్టుకుంటరు. డిగ్రీ మనిషి జేబుల ఉంటది, సైన్స్ ఆయన చేసిన పనిల ఉంటది. అదే రోజులల్ల, 1976ల, బెంగుళూరు యూనివర్సిటీ వైస్ చాన్సలర్ హెచ్. నరసింహయ్య మహిమలను పరీక్షించేటందుకు ఓ కమిటీ ఏసిండు. మా ముందట చేసి సూపియ్యున్రి అని బాబాకు ఉత్తరాలు రాసిండు. జవాబు రాలే. ఆయన కూడ వైస్ చాన్సలరే, ఈయన కూడ వైస్ చాన్సలరే.

కోవూర్ పందాలు, సవాళ్లు పేపర్లకు ఎక్కినయి. ఆయన పనిల బరువైన పాలు మాత్రం దయ్యం పట్టిన ఇండ్లల్ల ఉన్నది. శ్రీలంకల చేతబడిని హునియం అంటరు. నన్ను మంత్రంతోని చంపున్రి సూద్దాం అని మంత్రగాళ్లకు బహిరంగంగ సవాల్ ఇసిరిండు. తాయెత్తులు, రాగిరేకులు పోస్టుల వచ్చినయి. ఎనభై ఏండ్లు బతికిండు. అయితే జనం ఇండ్లకు పోయినప్పుడు మాత్రం ఈ గడుసుతనం తలుపు బయటనే ఇడిసిపెట్టి పోయెటోడు. ఇంటి మీద రాళ్లు పడుతున్నయి, బట్టలు వాటంతటవే అంటుకుంటున్నయి, అన్నంల చెత్త పడుతాంది అని పిలిస్తె పోయి, ఇంట్ల ఉన్న ఒక్కొక్కళ్ల తోని వేరువేరుగ మాట్లాడెటోడు. చానా ఇండ్లల్ల రాయి ఇసిరిన చెయ్యి దొరికేది. అది ఎక్కువ మట్టుకు ఆ ఇంట్ల ఎవ్వలకూ పట్టని మనిషిదే. అత్తింట్ల గోస పడే పిల్ల, పని చేసుకుంట దెబ్బలు తినే పోరడు, మనసుల మాట ఎవ్వలకు చెప్పుకోలేని పడుచుపిల్ల. కోవూర్ వాళ్లను నలుగుర్ల నిలవెట్టి పరువు తియ్యలే. హిప్నాటిజం తోని, మాటల తోని మందలిచ్చి, ఇంటోళ్లకు వాళ్ల బాధ ఏందో చెప్పి వచ్చెటోడు. ఇట్లాంటి ఆయన కేసుల్ల ఒకదాన్ని తీస్కొని 1972ల మలయాళంల పునర్జన్మం అని సినిమా కూడ వచ్చింది.

ఇది చదువుతుంటె నాకు మన మెదక్ దిక్కు బాణామతి యాదికొస్తది. అదే రాళ్లు, అదే కాలిన చీరెలు, అదే ఆడోళ్ల అరుపులు. 1980లల్ల విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు డాక్టర్లను ఎంబటేసుకోని ఆ ఊర్లల్ల తిరిగిన్రు. వాళ్లు సూసింది కూడ ఎక్కువ మట్టుకు రోగాలు, మనసు గోసలు, ఇండ్ల నడుమ పగలే. తేడా ఏందంటె మనకాడ దయ్యం అన్నంక మంత్రగాన్ని ఎతుకుతరు. ఎతికితె దొరకనిదేముంది? మొగడు లేని ముసలామె, భూమి పంచాయితీ ఉన్న దాయాది, ఊరి చివర ఇంటోడు. నేను పోయిన ఓ ఊర్లె ఒక పెద్దమనిషి పండ్లు కటింగ్ ప్లేర్ తోని పీకిన్రు. పండ్లు లేకుంటె మంత్రం పలకదంట. ఆ ఇంటి ముందట సచ్చిపోయిన పిల్లకు ఏం రోగమో ఆనాటికి ఏ డాక్టర్ సూడనే లేదు. ఆ పెద్దమనిషి నా తోని మాట్లాడుతుంటె నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నడు. మూఢనమ్మకం వాళ్లవాళ్ల ఇష్టం, మనకెందుకు అనేటోళ్లు ఆయన ఇంటికి ఓపాలి పోయి రావాలె.

కోవూర్‌ను నేను దేవున్ని చెయ్యదలుసుకోలే. ఆయన పందెం వేరు, ఆయన కేసు కతలు వేరు. పందెం ఎవ్వలైనా సరిసూసుకోవచ్చు. కేసు కతలు మాత్రం ఒక్క మనిషి, తనంతట తాను, తన పేరుతోనే రాసినయి. ప్రతి కతల ఆయన పోతడు, పట్టుకుంటడు, నయం చేసి వస్తడు. నయం కాని ఇండ్లు ఎన్ని? నయమైనోళ్లకు రెండేండ్లకు మళ్ల తిరగవెట్టిందా? అండ్ల ఆ లెక్క లేదు. గంగ నీళ్ల కాడ మనం అడిగిన ప్రశ్నే ఇక్కడ కూడ అడగాలె. హిప్నాటిజం తోనే నయమైందా, పెద్దమనిషి ఒకలు వచ్చి నీ బాధ ఏంది బిడ్డా అని అడిగినందుకు నయమైందా అన్నది ఆ కతలను పట్టి చెప్పలేం. మన దిక్కు మనిషి కదా అని మాఫీ ఇస్తె, రాగి కడెం అమ్మేటోన్ని అడిగే హక్కు మనకు ఉండదు. హేతువాదుల మీటింగులల్ల ఈ మాట అంటె కొందరు నా మీదికి లేస్తరు. లెవ్వనీ.

ఆయన పుస్తకాలు ఆయన కంటె ఎక్కువ దూరం నడిసినయి. కేరళకు చెందిన బి. ప్రేమానంద్ ఆ దావనే పట్టి, విభూతి ఎట్ల పుడుతదో, నాలుకల శూలం ఎట్ల దిగుతదో ఊరూరు తిరిగి చేసి సూపిచ్చిండు, ఆయన కూడ లక్ష పందెం పెట్టిండు. పంజాబ్‌ల కోవూర్ పుస్తకాన్ని మేఘ్‌రాజ్ మిత్తర్ అనే ఆయన పంజాబీల అచ్చేస్తె చదివినోళ్లు ఉత్తరాలు రాసుడు మొదలు వెట్టిన్రు. అండ్లకెల్లే 1984ల బర్నాలల తర్క్‌శీల్ సొసైటీ పుట్టింది. ఒక పుస్తకం సంఘమైంది. మన దిక్కు జనవిజ్ఞాన వేదికోళ్లు బడులల్ల కొబ్బరికాయల మంట లేపి, నిమ్మకాయల రక్తం తీసి, ఎనుక ఏ రసాయనం ఉన్నదో పిల్లలకు ఇప్పి చెప్పేది కూడ ఈ తొవ్వలదే. ఆ పిల్లలు ఇంటికి పోయి నాయనమ్మకు చేసి సూపిస్తరు. నాయనమ్మ తిడుతది గాని సూస్తది.

1974ల కోవూర్ భార్య కుంజమ్మ చనిపోయింది. కర్మకాండలు లేవు, సమాధి లేదు, శరీరం మెడికల్ విద్యార్థుల చదువుకు ఇచ్చిన్రు. నాలుగేండ్లకు, 1978 సెప్టెంబర్ 18న, కొలంబోల ఆయన పోయిండు. పదిహేనేండ్లు ఎవ్వలు ముట్టని ఆ లక్ష అట్లనే ఉన్నది. కండ్లు ఐ బ్యాంకుకు, దేహం మెడికల్ కాలేజీకి, ఎముకల గూడు తాను ఆఖర్న పాఠం చెప్పిన థర్‌స్టన్ కాలేజీ సైన్స్ లాబ్‌కు అని ముందుగాలనే రాసి పెట్టిండు.